రోజుకో ఫిర్యాదు

పాచికకి ఆరు ముఖాలుండాలి. ఇరవై ముఖాలున్న పాచిక తన కటింగ్ టేబుల్ మీద దొర్లడం చూసిన రోజే, ఇది సంసారుల ఇంట్లో ఆడే ఆట కాదని కర్టెన్లు కుట్టే ఆవిడ తేల్చేసుకుంది. పై వాటాలో ఉండే ఆవిడ అక్క ఇంకో అడుగు ముందుకేసింది. "పాచికలంటే జూదమేనే. మెట్లు దిగుతూ నా చెవులారా విన్నాను. 'రాజుని రేపు లేపేద్దాం' అంటున్నాడు ఆ పొడుగోడు. ఆ గుంపుని ముందు బయటికి తోలు" అని చెల్లెలి చెవిలో ఇల్లు కట్టుకుని పోరేది.

నిజానికి అక్కడ జూదమూ లేదు, హత్యా లేదు. ఆవిడ కూతురు కథ మొదలుపెడుతుంది. ఆ పిల్ల స్నేహితులు ముగ్గురూ ఆ కథలో తలో వేషం వేసుకుని, ఏం చేస్తారో ఏం మాట్లాడతారో చెబుతారు. కష్టమైన పని తలపెడితే పాచిక వేస్తారు. అది కరుణిస్తే గోడ దూకినట్టు, కరుణించకపోతే నడుం విరిగినట్టు. గెలిచేదెవరని అడిగితే ఎవరూ లేరంటారు. గెలుపు లేని ఆటకి శనివారాలన్నీ ధారపోయడమేమిటో ఆవిడకి అంతుపట్టేది కాదు. అంతుపట్టనిదాన్ని మెచ్చుకునే అలవాటు ఆవిడకి లేదు.

అసలు బాధ వేరే ఉంది. ఆవిడ భర్త నీళ్ళ సరఫరా ఆఫీసులో ఫిర్యాదుల కౌంటర్ దగ్గర పనిచేసేవాడు. "రోజంతా ఊళ్ళోవాళ్ళ గోల వింటాను, నా ఇంట్లోవాళ్ళది వినకపోతే ఎలా?" అని, రాత్రి భోజనానికి కూర్చోగానే రెండుసార్లు గొంతు సవరించుకుని ఇంట్లో కూడా కౌంటర్ తెరిచేవాడు. మనిషికి ఒకటే ఫిర్యాదు, రోజుకి ఒకటే. భార్య మిషన్ బెల్టు తెగిందని చెప్పినా, కూతురు బస్సులో కాలు తొక్కారని చెప్పినా జవాబు మాత్రం మారదు: "నమోదైంది. తప్పు మాది కాదు, పైపుది." పాతికేళ్ళు ఆఫీసులో ఆయన్ని కాపాడుకొచ్చిన మాట అది.

ఆయన పోయి ఎనిమిది నెలలైంది. ఇప్పుడు తల్లీకూతుళ్ళిద్దరూ టీవీ పెట్టుకుని తింటున్నారు. కూతురు ఎక్స్‌రేలు తీసే చోట పనిచేస్తుంది. పగలంతా "ఊపిరి బిగబట్టండి, వదలండి" అని మాత్రం అంటుంది, ఇంటికొచ్చాక ఆ పాటి కూడా మాట్లాడదు. తండ్రి పోయినరోజు ఏడవలేదు, తర్వాతా ఏడవలేదు. ఆయన ఊసే ఎత్తలేదు. ఏడ్చే పిల్లనైతే ఓదార్చవచ్చు. ఏడవని పిల్లని ఏం చెయ్యాలో తల్లికి పాలుపోలేదు. ఇంతలో ఈ ఆట వచ్చిపడింది. శనివారం సాయంత్రాలు ఆ గదిలోంచి కూతురి నవ్వు వినబడేసరికి ఆవిడకి ఒళ్ళు మండిపోయేది. ఆ మంట కింద భయం ఉంది. ఈ పిల్ల తండ్రిని మరిచేపోయిందేమో, ఇక ఆ మనిషి గురించి చెప్పుకోవడానికి ఈ ఇంట్లో తనకి ఎవరూ మిగల్లేదేమో అని.

ఆ శనివారం తాడో పేడో తేల్చేద్దామని గుడ్డ తాను భుజాన వేసుకుని గదిలోకి వెళ్ళింది. హోటల్ వాళ్ళ కర్టెన్లు, టేబుల్ కావాలి, ఇకనుంచి ప్రతి శనివారమూ కావాలి. ఈ మాటలు నోటిదాకా వచ్చాయి కూడా. కానీ అక్కడ అప్పటికే అందరి మొహాలూ వేలాడుతున్నాయి. ఆటలో మూడో మనిషి, చిన్నపిల్లల బడిలో పాఠాలు చెప్పే టీచరమ్మకి జ్వరమట, రాలేదు.

"ముగ్గురం ఎక్కితేగానీ పడవ కదలదు ఆంటీ" అన్నాడు కొరియర్ అబ్బాయి, కొంప మునిగినట్టు. "పోయినవారం ఒడ్డుదాకా వచ్చి ఆగాం."

"అయితే ఆపేసి ఇళ్ళకి పోండి" అంది ఆవిడ హాయిగా.

"మీరు కూర్చోకూడదూ? టీచర్ వేషం మీరు వెయ్యండి. మంత్రగత్తె. మీకు సరిగ్గా నప్పుతుంది."

బ్యాంకులో గుమాస్తాగా చేసే పొడుగోడు ఆ మాటకి నాలిక్కరుచుకున్నాడు. కూతురు మాత్రం గబుక్కున లేచింది. "వద్దు. అమ్మకి ఇవి పడవు. ఇవాల్టికి మానేద్దాం."

ఆ కంగారే ఆవిడకి నచ్చలేదు. తను వింటే కొంప మునిగే మాటలేవో ఉన్నాయన్నమాట. గుడ్డ తాను కింద పెట్టి కుర్చీ లాక్కుంది. "నాకివి పడవని ఎవరు చెప్పారు? కూర్చుంటాను. ఏం చెయ్యాలో చెప్పండి."

"పోనీ వంతెన మీంచి వెళ్దాం" అంది కూతురు, తల్లి వైపు చూడకుండా.

"ఏ వంతెన? మనమే కూల్చాంగా!" అన్నాడు పొడుగోడు. "పడవ తాతని పిలువు. నేను వారమంతా బ్యాంకులో తిట్లు ఓర్చుకునేది ఆ తాత కోసమే."

"పడవ తాత ఎవరు?" అంది ఆవిడ.

"నది దాటించే ముసలాయన ఆంటీ" అన్నాడు కొరియర్ అబ్బాయి. "డబ్బు తీసుకోడు. ఆయన అడిగింది చెబితే చాలు. ఒకసారి మొసళ్ళు చుట్టుముడితే ముగ్గురం ప్రాణాలకి తెగించి కాపాడుకున్నాం ఆయన్ని."

కూతురు కాసేపు పాచికని అరచేతిలో తిప్పుతూ కూర్చుంది. తప్పదనుకుందేమో, భుజాలు కొంచెం వంచింది. రెండుసార్లు గొంతు సవరించుకుంది.

"ఆఁ, రండి రండి. వరసలో రండి, తోసుకోవద్దు. కౌంటర్ తెరిచాం. మనిషికి ఒకటే."

కర్టెన్లావిడ చేతులు టేబుల్ మీద అలాగే ఉండిపోయాయి. గొంతు కూతురిదే. కానీ ఆ సాగదీత, మాట చివర ఆ చిన్న దగ్గు, కళ్ళజోడు లేకపోయినా ముక్కు మీద దాన్ని సర్దుకునే ఆ వేలు, అన్నీ ఆయనవే. ఈ స్నేహితులెవరూ ఆయన్ని ఎన్నడూ చూసినవాళ్ళు కారు. అయినా ఇన్ని నెలలుగా ప్రతి శనివారం ఆయన్ని పలకరిస్తున్నారు, ఆయన జోకులకి నవ్వుతున్నారు, మొసళ్ళ నుంచి కాపాడుతున్నారు. పక్కగదిలో మిషన్ తొక్కుతూ తను మాత్రం ఆ నవ్వులకి పళ్ళు నూరుతోంది.

"నా బాకు మొద్దుబారింది తాతా" అన్నాడు దొంగ వేషంలో ఉన్న కొరియర్ అబ్బాయి.

"నమోదైంది. తప్పు మాది కాదు, పైపుది."

"నా మాట ఎవరూ వినరు తాతా, మా బ్రాంచిలో... అదే, మా కోటలో" అన్నాడు పొడుగోడు.

"నమోదైంది. ఆ పైపు చాలా పాతది నాయనా."

ఇద్దరూ పడీ పడీ నవ్వారు. తర్వాత వంతు మంత్రగత్తెది. కూతురు తల ఎత్తి తల్లిని చూసింది. కావాలంటే ఇక్కడే ఆపేస్తానన్నట్టుంది ఆ చూపు.

ఆవిడ ఆపమనలేదు. "నాకూ ఉంది ఫిర్యాదు" అంది. "ఆస్పత్రిలో, ఇంటికెళ్ళి స్నానం చేసి రా, నేనెక్కడికి పోతాను అన్నారు. వద్దంటే వినలేదు. ఆ మాట నమ్మి వెళ్ళాను. ఆఘమేఘాల మీద తిరిగొచ్చాను. మీరు లేరు."

"ఆంటీ భలే చేస్తున్నారు" అన్నాడు పొడుగోడు మెల్లిగా. కొరియర్ అబ్బాయి మోచేత్తో వాణ్ణి ఒకటి పొడిచాడు.

కూతురు వేలు ముక్కు మీదే ఆగింది.

"నమోదైంది" అంది పడవ తాత. "తప్పు..."

ముక్కు మీది వేలు కిందికి దిగింది.

"తప్పు మాదే" అంది. అనేసి రెండు చేతుల్లో మొహం దాచుకుని, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. పాచిక దొర్లి కింద పడితే ఎవరూ తియ్యలేదు. ఆవిడ కుర్చీ జరుపుకుని కూతురి వీపు మీద చెయ్యి వేసింది. తనకీ కళ్ళు నిండిపోయాయి, తుడుచుకోలేదు. బాధగానే ఉంది, కానీ ఎనిమిది నెలల్లో మొదటిసారి ఒంటరిగా లేదు.

ఏడుపు పైదాకా వినబడినట్టుంది, అక్క పరుగున దిగొచ్చి గుమ్మంలో నిలబడింది. "నే చెప్పలేదుటే? ఈ దిక్కుమాలిన ఆట పిల్లని ఏడిపించేదాకా వచ్చింది. లేవండి అందరూ!"

"అరవకక్కా. ఏడవనీ" అంది చెల్లెలు. "వచ్చి కూర్చుంటే కూర్చో, లేదంటే తలుపు వేసి వెళ్ళు."

అక్క తలుపు పక్కన స్టూలు మీద కూర్చుంది. కొరియర్ అబ్బాయి వంగి పాచిక తీసి కూతురి ముందు పెట్టాడు. ఆ పిల్ల ముక్కు తుడుచుకుంది. భుజాలు వంచింది. రెండుసార్లు గొంతు సవరించుకుంది.

"ఇంకేమైనా ఉన్నాయామ్మా?"

"బోలెడున్నాయి. రోజుకి ఒకటేగా. మిగతావి వచ్చే శనివారం చెబుతాను" అంది ఆవిడ. "పడవ తియ్యండి."