హారన్ మాస్టారి సంతకం

"ఆపు. దిగు. మళ్ళీ మొదట్నుంచి."

హారన్ మాస్టారు వంగి, పడిపోయిన కోన్‌ను నిలబెట్టారు. పొద్దుట్నుంచి అది పడడం ఐదోసారి. ఆ గోదాములో సరుకెత్తే బండి, ఫోర్క్‌లిఫ్ట్, ఎక్కాలంటే ఆయన పెట్టే పరీక్ష పాసవాలి, ఆయన సంతకం పెట్టిన కార్డు మెడలో వేలాడాలి. పంతొమ్మిదేళ్ళుగా ఇదే పని. మలుపులో హారన్ కొట్టనివాణ్ణి అక్కడికక్కడే దింపేస్తారు. ఆ పేరు అలా వచ్చింది. ఇంట్లోనూ అంతే. వేడి గిన్నెతో వంటింట్లోంచి వచ్చే భార్య గుమ్మం దగ్గర "హారన్!" అని అరవాల్సిందే. ఆమె నవ్వుతూనే అరుస్తుంది.

మనిషి బక్కపలచన. మోకాళ్ళు అరిగి ఏడాదైంది. ఎడమచేతికి చిటికెనవేలు లేదు. ఎప్పుడో బండి గొలుసులో పోయింది. కొత్తవాళ్ళకు మొదట చూపించేది ఆ ఖాళీనే.

"వెనక్కి పోతూ ముందుకు చూస్తావేంటయ్యా?"

బండి మీది పొడుగాయన తల దించుకున్నాడు. నిన్నటిదాకా మూటలు మోసినవాడు. "సరుకు పడిపోతుందేమోనని సార్..."

"సరుకు పడితే ఎత్తుకోవచ్చు. మనిషి పడితే?"

అప్పుడే మేనేజరు, పొడుగాయన పరీక్ష పాసైనట్టు రాసిన కాగితం పట్టుకుని వచ్చాడు.

"ఇంకో నాలుగు రోజులు పడుతుంది సార్," అన్నారు మాస్టారు, కాగితం చూడకుండానే.

"మధ్యాహ్నం రెండు లారీలొస్తున్నాయి మాస్టారూ. ఉన్న డ్రైవరు జ్వరమని పడుకున్నాడు." మేనేజరు నవ్వుతూ పెన్ను మూత తీశాడు. "మీ మోకాళ్ళ సంగతి పైవాళ్ళు అడుగుతూనే ఉన్నారు. నేనే ఏదో ఒకటి చెప్పి నెట్టుకొస్తున్నా."

మాస్టారు పెన్ను వైపు చూశారు. పరీక్ష పాస్ కాని మనిషికి ఆయన ఏనాడూ సంతకం పెట్టలేదు. ఒకసారి సొంత బావమరిదికే పెట్టక, ఆర్నెల్లు అత్తారింటి గడప తొక్కలేకపోయారు. కానీ అప్పటికి మోకాళ్ళు బాగుండేవి.

సంతకం పెట్టారు.

మేనేజరు వెళ్ళాక పొడుగాయన్ని పక్కకు పిలిచారు. "ఇవాళ సరుకు కింద పెట్టే ఖాళీ చెక్కలే ఎత్తు. డ్రమ్ముల జోలికి పోకు. విన్నావా?"

"అలాగే సార్." వాడు మెడలో అప్పుడే పడిన కార్డును చొక్కాకు తుడుచుకున్నాడు.

మధ్యాహ్నం మాస్టారు అన్నం తిని చేతులు కడుక్కుంటుంటే, సరుకు అరల మూడో వరుసలోంచి బరువెత్తిన బండి మూలుగు వినిపించింది. ఆ మూలుగు ఆయనకు తెలుసు. నాలుగు నిండు డ్రమ్ములు. ఎత్తమన్నది మేనేజరే.

కుంటుకుంటూ పరుగెత్తారు. "ఒరేయ్, ఆపరా!"

ఆ గొంతు వినగానే పొడుగాయన హడలిపోయాడు. డ్రమ్ముల మీంచి చూపు తిప్పకుండానే బండిని ఒక్కసారి వెనక్కి లాగాడు. మాస్టారు బండికీ ఇనుప అరలకూ మధ్య ఉన్నారు. పెద్ద చప్పుడేమీ కాలేదు. డ్రమ్ము ఒక్కటీ పడలేదు.

గంటన్నరలో నేల కడిగేశారు. లారీలు వేళకే కదిలాయి.

సాయంత్రం ఆయన భార్య వచ్చింది. మేనేజరు కుర్చీ వేయించి, మంచినీళ్ళు తెప్పించాడు.

"బండ్ల దారిలోకి మనుషులు రాకూడదమ్మా. ఆ రూలు రాసింది మీ ఆయనే."

"మరి ఆ నడిపినతనికి పని వచ్చా?"

మేనేజరు కాగితాన్ని ఆమె వైపు తిప్పాడు. ఆమె చాలాసేపు ఆ అక్షరాలే చూసింది. పొద్దున వేసిన తేదీ, కింద గీత, రెండు చుక్కలు.

"ఈ సంతకం ఆయనదే," అంది చివరికి. "ఇలాంటి వాటిల్లో ఆయన అబద్ధం రాయరు."

"అదేనమ్మా నేనూ అనేది."

"అయితే ఆయనే చూసుకోలేదన్నమాట." కొంగుతో ముఖం తుడుచుకుని, మేనేజరు ముందుంచిన కాగితాల్లో చూపించిన చోటల్లా ఆమె సంతకాలు పెట్టింది.

నాలుగో రోజున షెడ్డులో ఒక సైకిలు మిగిలిందని ఎవరో గమనించారు. దాని తాళంచెవి మాస్టారి ప్యాంటు జేబులో ఉండిపోయింది. ఆ ప్యాంటును ఆస్పత్రివాళ్ళు ఎప్పుడో పారేశారు. దారికి అడ్డమని సైకిల్ను ఫోర్క్‌లిఫ్ట్‌తో ఎత్తి, తుక్కు పోసే గోడ పక్కన దించారు. తాళం పడిన వెనక చక్రం కదల్లేదు. ముందు చక్రం మాత్రం గాల్లో రెండు చుట్లు తిరిగి, ఆగిపోయింది.