బీట మీది గాజుపట్టీ

ముంబై కామాటిపురలో, వరుస గదుల ఆ పాత చాల్‌లో ముత్తయ్య చెప్పాడంటే ఇక తిరుగులేదు. నలభై ఏళ్ళు గోడలు కట్టిన మేస్త్రి మరి! రెండేళ్ళ కిందట మెట్ల గోడ బీటవారితే దాని మీద అడ్డంగా గాజుపట్టీ అతికించాడు. గోడ కదిలితే గాజు పగలాలి. పగల్లేదు. కూలే ప్రమాదముంది, ఖాళీ చేయమని మున్సిపాలిటీ నోటీసు అంటించినా ఎవరూ కదలకపోవడానికి అదే కారణం. పై అంతస్తు చంద్రమ్మ నిన్న సామాను కోసం వచ్చిన టెంపోను కూడా ఆయన మాట మీదే తిప్పి పంపేసింది.

ఆ మధ్యాహ్నం మనవరాలు మనాలి పదో తరగతి పాఠం అప్పజెబుతోంది.

"తాతా, భూమి నడుమ ఇనుము ఉంటది, మస్తు గరం. దాని మీద మందంగ రాయి. రాయే గానీ వేడికి మెత్తబడి హళూ హళూ, మెల్లగ జరుగుతది. పైన మన గట్టి పొర ముక్కలు ముక్కలుగ ఉంటది. ఆ ముక్కలు గుడ నడుస్తయి."

"ముంబై నడుస్తదా, పిచ్చిదానా?"

"మొత్తం ఇండియానే నడుస్తది. ఏడాదికి నాలుగైదు సెంటీమీటర్లు."

ముత్తయ్యకు నవ్వాగలేదు. "మరి నా గాజు పగుల్లేదేందే?"

"బీటకు రెండు దిక్కుల గోడ కలిసే జరిగితే గాజెట్ల పగులుతది తాతా?"

ఆయన నవ్వు ఠక్కున ఆగిపోయింది. పైన గట్టిది, కింద మెత్తనిది. ఈ చాల్ కింద ఉన్నదీ ఒకప్పటి బురదను పూడ్చిన నేలే కదా!

రెండు కొసల్లోనూ నీళ్ళు ఒకే ఎత్తున నిలిచే లెవెల్ పైపును నింపి గల్లీలోకి పరుగెత్తాడు. రెండేళ్ళ కిందట గల్లీలో ఫరశీ బండలు పరిచేటప్పుడు చాల్ గోడ మీదా, ఎదుటి కొత్త బిల్డింగు మీదా ఒకే ఎత్తున గీతలు గీశాడు. ఆ బిల్డింగు పునాది లోతున రాతి మీద ఉంది. మనాలి అక్కడ పైపు పట్టుకుంది. ఆమె వైపు నీళ్ళు సరిగ్గా గీత మీద నిలిచాయి. ఆయన వైపు గీతకు నాలుగు వేళ్ళ పైన నిలిచాయి.

మూడుసార్లు చూశాడు. చాల్ మొత్తం కిందికి దిగిపోయింది, బీటతో, గాజుతో, మనుషులతో సహా. ఇంతమందిని ఇక్కడ కూర్చోబెట్టింది తానే. సిగ్గూ భయమూ ఒక్కసారే ముంచుకొచ్చాయి.

రొప్పుతూ మెట్లెక్కాడు. చంద్రమ్మ తన చంటి మనవరాలిని ఉయ్యాలలో ఊపుతోంది.

"రా ముత్తన్నా, ఛాయ్ తాగుతవా?"

"నా మాట నమ్మకు చంద్రమ్మా! పిల్లను తీస్కొని కిందికి దిగు, గిప్పుడే!"

పరాచికమనుకుని ఆమె పక్కున నవ్వింది. తర్వాత ఆయన ముఖం చూసి, ఉయ్యాలలోంచి పిల్లను లాక్కుంది.