బస్టాపులో కుర్చీ

దమయంతి కాకినాడ మున్సిపాలిటీ టౌన్ ప్లానింగ్ సెక్షన్లో ఇరవై ఎనిమిదేళ్లు మ్యాపులు గీసింది. రిటైరయ్యాక న్యూజెర్సీలో కూతురు రేణు దగ్గరికి వచ్చేసింది. ఊరికే కూర్చోవడం చేతకాని మనిషి కనుక, వారానికి మూడు రోజులు ఐసెలిన్‌లో ఒక చీరల షాపులో ఫాల్స్ కుట్టే పనికి కుదురుకుంది. బస్సులో వెళ్లి వచ్చేది.

వాళ్ల టౌన్‌షిప్‌లో, అంటే అక్కడి మున్సిపాలిటీలో, బస్టాపంటే గడ్డిలో పాతిన ఇనుప కమ్మీ, దానికో రేకు. నీడ లేదు, నడిచే దారి లేదు, కూలబడదామంటే రాయి కూడా లేదు. పక్కనే నాలుగు వరసల్లో కార్లు రివ్వున పోతుంటాయి. ఇక్కడింతేనేమో అని ఆరేళ్లు సరిపెట్టుకుంది.

అలాగే సరిపెట్టుకునేదే గానీ, మొన్న మార్చిలో పాత ఆఫీసు స్నేహితురాలు శ్రీవిద్యతో కలిసి సింగపూర్, తైపే, సియోల్ చూసొచ్చింది. గ్రూపులో అందరూ టవర్లెక్కి ఫొటోలు దిగుతుంటే ఈవిడ కింద నిలబడి పేవ్‌మెంట్లు చూసింది. సింగపూర్‌లో ఒక ముసలాయన సిగ్నల్ స్తంభానికి పెద్దవాళ్ల కార్డు తాకిస్తే, ఆయన రోడ్డు దాటడానికి పచ్చ లైటు ఇంకొన్ని సెకండ్లు ఎక్కువ వెలిగింది. సియోల్ చలిలో బస్టాపు బెంచీ మీద కూర్చుంటే అది వెచ్చగా ఉంది! ఉలిక్కిపడి లేచి, చేత్తో తడిమి, మళ్లీ కూర్చుంది.

తైపేలో వాన పట్టుకుంది. షాపుల పై అంతస్తులు ముందుకొచ్చి, కింద దారంతా వసారాలా ఉంది. అర మైలు నడిచినా కొంగు తడవలేదు. అక్కడ ఉన్నట్టుండి ఆగిపోయింది.

"ఏమైందే?" అంది శ్రీవిద్య.

"కాకినాడలో సినిమా రోడ్డు వెడల్పు చేసిన మ్యాపు గుర్తుందా? ఫుట్‌పాత్ గీతలు తీసేయమన్నారు ఇంజనీరు గారు. నడిచేవాళ్లు ఎలాగోలా నడుస్తార్లెమ్మా అన్నారు. నేను బ్లేడుతో గీకేశాను. పది నిమిషాల పని. జనం ఇప్పటికీ లారీల పక్కనే నడుస్తున్నారు."

"పైవాళ్లు చెప్పారు, నువ్వు చేశావు. మన చేతిలో ఏముంది?"

"బ్లేడు నా చేతిలోనే ఉంది కదే," అంది దమయంతి.

ఆ మాట ఆవిడతోపాటు విమానమెక్కి న్యూజెర్సీ దాకా వచ్చింది.

జూన్‌లో ఒక ఎండ రోజు. బస్సు కోసం రోజూ వచ్చే ధర్మారావు గారు, డెబ్బై ఆరేళ్ల మనిషి, నిలబడి నిలబడి కళ్లు తిరిగి కమ్మీ పట్టుకునే కిందికి జారిపోయారు. దమయంతి తన నీళ్ల సీసా ఆయన మొహం మీద కుమ్మరించింది. నాలుగు వరసల్లో ఒక్క కారూ ఆగలేదు.

"మీరు కంగారు పడకండమ్మా, ఇది మామూలే," అన్నారాయన, కళ్లు తెరిచి, సిగ్గుపడుతూ.

"మామూలెందుకవ్వాలండీ?" అంది దమయంతి.

మర్నాడు వంటింటి కుర్చీ ఒకటి మోసుకెళ్లి ఆ కమ్మీ పక్కన వేసింది. మూడో రోజుకి దాని మీద టౌన్‌షిప్ వాళ్ల నారింజ రంగు స్టిక్కరు: ఎవరూ లేని వస్తువు, తొలగించబడును. నాలుగో రోజు కుర్చీ లేదు. ఇంకోటి వేసింది. అదీ పోయింది. ఈసారి ఇంటికి ఉత్తరమొచ్చింది, మళ్లీ వేస్తే కోర్టుకు రావాలని.

రేణు ఉత్తరం చదివి తెల్లబోయింది. "అమ్మా, నీ సిటిజన్‌షిప్ అప్లికేషన్ పెండింగ్‌లో ఉంది. ఈ టైమ్‌లో కోర్ట్ నోటీస్ అంటే ఎంత రిస్కో తెలుసా? ప్లీజ్, వదిలేయ్. కావాలంటే నేనే రోజూ డ్రాప్ చేస్తాను."

"నన్ను దింపుతావు. ధర్మారావు గారిని ఎవరు దింపుతారే?"

"అన్నీ నీకే కావాలా?"

"ఒకసారి వద్దనుకున్నాను. చాలు."

 ఆ వారమే టౌన్‌షిప్ మీటింగులో మాట్లాడాలని దమయంతి బయల్దేరితే, రేణు తనే కారు తీసింది. "నువ్వు ఆగవని తెలుసు. కనీసం పక్కనుంటాను," అంది, అద్దంలోకి చూస్తూ.

మైకు దగ్గర ఒక్కొక్కరికి మూడు నిమిషాలు. దమయంతి తనకొచ్చిన ఇంగ్లీషులోనే మాట్లాడింది. ధర్మారావు గారు పడిపోయిన సంగతి చెప్పింది. సియోల్ బెంచీ గురించి చెప్పింది.

"ఆ స్టాపులో అంత డిమాండ్ లేదమ్మా. స్టడీ చేయించాలి," అన్నాడు అధ్యక్షస్థానంలో ఉన్నాయన, మర్యాదగానే.

"అయ్యా, ఆ వాక్యం నాకు కొత్త కాదు. మా ఆఫీసులో అలాంటివి మ్యాపుల కింద నేనే రాశాను. నడిచేవాళ్లు లేరని రాసేవాళ్లం. ఉన్నారని మాకు తెలుసు. మీకూ తెలుసు." గంట మోగినా ఆవిడ ఆగలేదు. "నా కుర్చీ ఎవరూ లేని వస్తువన్నారు. రేపు పొద్దున ఎనిమిదింటికి ఇంకోటి వేసి, దాని మీద నేనే కూర్చుంటాను. వచ్చి చూసుకోండి."

పొద్దున ఆవిడ మడత కుర్చీ చంకన పెట్టుకుని వెళ్లేసరికి ధర్మారావు గారు అప్పటికే మనవరాలి క్యాంపింగ్ కుర్చీలో కూర్చుని ఉన్నారు. అదే బస్సులో నర్సింగ్ హోమ్‌కి పనికెళ్లే ఇద్దరు హైతీ దేశపు ఆడవాళ్లు స్టూళ్లు తెచ్చుకున్నారు. మీటింగు సంగతి దమయంతి దగ్గర విని, వాళ్లకు ధర్మారావు గారే చెప్పారట, రాత్రికి రాత్రి ఫోన్లు చేసి.

టౌన్‌షిప్ ఇన్‌స్పెక్టరు రానే వచ్చాడు. చేతిలో స్టిక్కర్ల కట్ట. నలుగురినీ చూశాడు.

"ఎవరూ లేని వస్తువు ఏదో చూపించండి, మేమూ వెతుకుతాం," అంది దమయంతి.

అతను నవ్వాపుకుంటూ కారెక్కి వెళ్లిపోయాడు. బస్సొచ్చింది. కుర్చీలు మడిచి ఎక్కేదాకా డ్రైవరమ్మ ఓపిగ్గా ఆగింది. ఆ వేసవంతా అలాగే సాగింది. కోర్టు నోటీసు రాలేదు.

సెప్టెంబరులో, చెప్పాపెట్టకుండా, కమ్మీ చుట్టూ గడ్డి తవ్వి కాంక్రీటు పోశారు. బెంచీ మాత్రం లేదు. ధర్మారావు గారు పొంగిపోయి ఫోన్ చేశారు: "గెలిచామమ్మా!"

దమయంతి రేణుని వెంటబెట్టుకుని వెళ్లి ఆ దిమ్మ కొలిచింది. బస్సులోంచి వీల్‌చెయిర్ దిగాలంటే రూలు ప్రకారం ఎనిమిదడుగులుండాలి. ఏడే ఉంది.

"ఒక్క అడుగేగా అమ్మా," అంది రేణు.

"ఆ అడుగులోనే ఎవరో ఒకరు పడతారు. రాసుకో," అంది దమయంతి. రేణు ఫోన్ తీసి, టౌన్‌షిప్‌కి ఉత్తరం మొదలుపెట్టింది.