థ్రాటిల్ మీద తోరం

కొత్త స్నోమొబైల్‌ని, అదే మంచు మీద నడిచే బండిని, క్రైస్ట్‌చర్చ్ నుంచి కొండకి తెచ్చింది నేను. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే తర్వాత అందరూ మర్చిపోయారు. ట్రెయిలర్ మీదికి ఎక్కించింది నేను. ముందు స్కీ పలకలకి రెండు పట్టీలు, వెనక బంపర్‌కి రెండు పట్టీలు వేసి బిగించింది నేను. బ్రేకు వేసి, గాలికి కవరు లేవకుండా తాళ్ళు కట్టి, దారిలో రెండుసార్లు ఆగి, పట్టీలు వదులయ్యాయేమోనని ఒక్కొక్కటీ చేత్తో లాగి చూసింది నేను. ఎనభై దాటకుండా రెండు గంటలు ఒళ్ళు దగ్గర పెట్టుకుని నడిపాను. చంటిపిల్లని ఒళ్ళో పెట్టుకొచ్చినట్టు తెచ్చి కార్ పార్కులో దించితే, మా మేనేజరు గ్రెగ్ ఏం చేశాడో తెలుసా? తాళం తీసుకెళ్ళి ప్రణీత చేతిలో పెట్టాడు.

ఒళ్ళు మండిందంటే మండదూ!

మాది క్యాంటర్‌బరీ కొండల్లో ఒక చిన్న క్లబ్బు స్కీ ఫీల్డు, జనం మంచు మీద స్కీయింగ్ చేసే చోటు. పైన వచ్చినవాళ్ళు దిగే హట్ ఉంటుంది, అక్కడిదాకా రోడ్డు లేదు. సామాన్లు పైకి మోసుకెళ్ళాలన్నా, ఎవరైనా కాలు విరగ్గొట్టుకుంటే వెనకాల స్లెడ్జి కట్టి కిందికి తేవాలన్నా స్నోమొబైలే దిక్కు. నేను అక్కడ వర్క్‌షాపులో మెకానిక్‌ని. నా పేరు కుసుమ, మాది తణుకు, ముప్ఫై ఎనిమిదేళ్ళు, ఇది నాలుగో సీజను. ఉన్న పాత బండిని నాలుగు శీతాకాలాలు నేనే బతికించాను. కింద తిరిగే ట్రాక్ బిగువు చూడ్డం, బెల్టు మార్చడం, స్కీల కింద ఇనుప పట్టీలు అరిగితే కొత్తవి వెయ్యడం, ప్రతి సాయంత్రం మంచు దులిపి గ్రీజు పెట్టడం, అన్నీ నావే. దాని మీద ఎక్కి కొండ పైకి పోవడం మాత్రం వేరేవాళ్ళది. కొత్త బండి వస్తే దాని డ్రైవరు సీటు నాదేనని నాలుగేళ్ళుగా కలలు కన్నాను. రెండ్రోజుల ట్రైనింగ్‌కి వెళ్ళి పాసై కూడా వచ్చాను.

"నువ్వు లేకపోతే వర్క్‌షాపు మూత పడుతుంది కుసుమా," అన్నాడు గ్రెగ్. పొగడ్త! అలాంటి పొగడ్త పగవాళ్ళకి కూడా వద్దు.

ఇక ప్రణీత. దాన్ని ఈ ఉద్యోగానికి తెచ్చింది కూడా నేనే, నా తెలివికి నన్నే మెచ్చుకోవాలి. చదువైపోయి క్రైస్ట్‌చర్చ్‌లో రిక్కార్టన్ అనే పేటలో ఒక ఫ్లాట్‌లో నలుగురితో సర్దుకుంటూ, సూపర్‌మార్కెట్లో పెట్టెలు మోసుకుంటూ ఉంటే, "కొండ మీదికి వస్తావటే?" అని అడిగాను. వచ్చినప్పుడు స్పానర్ ఎటు తిప్పాలో తెలీదు. అన్నీ నేర్పాను. రెండేళ్ళలో స్కీయింగ్ నేర్చుకుంది, ఫస్ట్ ఎయిడ్ సర్టిఫికెట్ తెచ్చుకుంది, అందరితో నవ్వుతూ మాట్లాడుతుంది, అందరూ దాన్ని 'ప్రణి' అంటారు. నన్ను చూస్తే కెఫేలో పిల్లలు కూడా పక్కకి తప్పుకుంటారు. నా నోరు అలాంటిది, ఒప్పుకుంటాను. కానీ నోటితో కాదు కదా బండి నడిపేది!

తాళం చేతిలో పడగానే ప్రణీత పరిగెత్తుకుంటూ నా దగ్గరికే వచ్చింది. "అక్కా, చూశావా!" అని. చూశానే తల్లీ, కళ్ళారా చూశాను. "మంచిది," అన్నాను. ఆ ఒక్క మాట అనడానికి నాకు ఎంత కష్టమైందో ఆ దేవుడికే తెలియాలి.

మర్నాడు శుక్రవారం, వరలక్ష్మీ వ్రతం. రిక్కార్టన్‌లో ఆ పాత ఫ్లాట్‌కి వెళ్ళి చేసుకుంటున్నానని, తప్పకుండా రమ్మని పిలిచింది. తలనొప్పి అని చెప్పాను. అది వ్రతం చేసుకుంటుంటే నేను షెడ్‌లో కూర్చుని దాని బండికి గ్రీజు పెట్టాను.

శనివారం పొద్దున మొదటి ప్రయాణం. షెడ్ ముందు అందరూ చేరారు. ప్రణీత రెండు స్కీల కింద రెండు నిమ్మకాయలు పెట్టింది, బానెట్ మీద పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టింది. ఈ దేశపు కివీలకి ఇదంతా సరదా, ఫోన్లు తీసి ఒకటే ఫోటోలు. పూజ అయ్యాక జేబులోంచి పసుపు రాసిన తోరం ఒకటి తీసింది. తొమ్మిది ముళ్ళు, మధ్యలో చిన్న చామంతి. దాని చేతికి అలాంటిదే అప్పటికే ఉంది.

"అక్కా, చెయ్యి ఇటివ్వు. నీకోసం ఒకటి ఎక్కువ చేశాను."

"గ్రీజు చేతులే."

"అయితే ఏం, కడుక్కుని రా."

"పనుందని చెప్తున్నానా!"

గట్టిగానే అన్నాను. అందరూ నా వైపు చూశారు. దాని మొహం చిన్నబోయింది, కానీ ఒక్క క్షణమే. వెంటనే నవ్వేసింది.

"సరే అయితే, నీ బదులు దీనికి కడతాను. దీన్ని చూసుకునేది నువ్వే కదా," అని ఆ తోరాన్ని హ్యాండిల్ కుడి పిడికి మూడు చుట్లు చుట్టి ముడి వేసింది. కొసలు రెండూ థ్రాటిల్ పక్కన వేలాడుతున్నాయి.

స్నోమొబైల్‌కి థ్రాటిల్ అంటే కుడి పిడి దగ్గర బొటనవేలితో నొక్కే చిన్న మీట. నొక్కితే పోతుంది, వదిలితే మీట వెనక్కి వచ్చి బండి నెమ్మదిస్తుంది. ఆ సందులో నూలు తాడు ఇరుక్కుని, మంచు పడి తడిసి, గాలికి గడ్డకట్టిందనుకోండి, మీట వెనక్కి రాదు. వేలు తీసినా బండి పోతూనే ఉంటుంది. అప్పుడిక ఒక్కటే దారి. నడిపే మనిషి జాకెట్‌కీ బండికీ కలిపి ఒక ఎర్ర తాడు ఉంటుంది, దాన్ని లాగితే ఇంజను చచ్చిపోతుంది. కంగారులో అది గుర్తుండాలి కదా.

ఇదంతా నాకు తెలుసు. హ్యాండిల్ మీద ఏమీ కట్టకూడదని షెడ్ గోడ మీద ఎర్ర అక్షరాలతో తెలుగులో, కింద ఇంగ్లీషులో రాసి పెట్టింది నేనే. ప్రణీతకి మొదటిరోజు చెప్పిన మొదటి పాఠం అదే. సంబరంలో మర్చిపోయింది పిచ్చిది.

ఒక్క మాట చాలు. "ఏమే, అది తీసెయ్," అంటే అయిపోయేది. నోటిదాకా వచ్చింది కూడా. అంతలో గ్రెగ్, "ప్రణీ, ఇటు చూడు!" అని ఫోటో తీశాడు. నాలుగేళ్ళలో ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు కూడా, నా ఫోటో తియ్యలేదు. చెక్ షీటు నా చేతిలో ఉంది. బండి బయల్దేరే ముందు అన్నీ చూసి సంతకం పెట్టాల్సింది నేను. ట్రాక్, ఓకే. లైట్లు, ఓకే. బ్రేకు, ఓకే. థ్రాటిల్ అన్న గడి దగ్గర పెన్ను ఆగింది. ఓకే అని రాసి సంతకం పెట్టేశాను.

అది పడాలని నేను అనుకోలేదు. మీరు నమ్మినా నమ్మకపోయినా అంతే. కాస్త బెదరాలని అనుకున్నాను. అందరి ముందూ బండి మాట వినకపోవాలని, అది తలొంచుకుని కిందికి రావాలని, అప్పుడు గ్రెగ్ నా వైపు చూడాలని అనుకున్నాను. అదీ నా బుద్ధి.

నిమ్మకాయలు చిట్లాయి, అందరూ చప్పట్లు కొట్టారు, ప్రణీత పైకి వెళ్ళిపోయింది.

పది నిమిషాలకి మంచు మొదలైంది. తడి మంచు, మీద పడగానే అంటుకునేది. నేను షెడ్‌లోకి వెళ్ళి పాత బండి బెల్టు విప్పుతూ కూర్చున్నాను, కానీ చెవులు కొండ మీదే ఉన్నాయి. హట్‌కి వెళ్ళే దారిలో ఒకచోట సన్నటి మలుపు ఉంటుంది, ఎడమ పక్కంతా లోయ. అక్కడ వేలు తీసి నెమ్మదించాలి. ఇంజను శబ్దం అక్కడిదాకా వెళ్ళింది. తగ్గుతుందని చూశాను. తగ్గలేదు. అలాగే పెద్దగా మోగుతూనే ఉంది. అది నొక్కి పట్టుకుందా, మీట ఇరుక్కుపోయిందా? స్పానర్ ఎక్కడ పడేశానో తెలీదు.

రేడియో తీశాను. మా రేడియోలో ఎవరు మాట్లాడినా కొండ మీద ఉన్న పదిహేనుమందీ వింటారు. అదేమీ ఆలోచించలేదు. ప్రాణం గొంతులోకి వస్తే నాకు తెలుగే వస్తుంది.

"ప్రణీతా, ఆగవే! ఎర్ర తాడు లాగెయ్! ఆ తోరం థ్రాటిల్‌కి అడ్డం పడుతుందే! నేను చూశానే, చూసి కూడా సంతకం పెట్టాను! కావాలనే పెట్టాను, నీ మీద కుళ్ళుతో పెట్టాను! ఆగవే తల్లీ, నీకు దణ్ణం పెడతాను, ఆగు!"

ఇంజను ఆగిపోయింది. కొండంతా నిశ్శబ్దం.

అప్పుడు రేడియోలో దాని గొంతు వచ్చింది. "అక్కా, ఆ తోరం కింద మొదటి మలుపు దగ్గరే తీసేశాను. ఎవరు సంతకం పెట్టినా దారిలో ఆగి థ్రాటిల్ మళ్ళీ నొక్కి చూసుకోమని నువ్వే కదా నేర్పావు. తడి మంచులో కూరుకుపోతుందని ఈ మలుపులో వేలు తియ్యలేదు, అంతే. ఇప్పుడు ఆగింది నువ్వు ఆగమన్నావని. మిగతాదంతా కూడా విన్నాను."

అంతలో గ్రెగ్ గొంతు, ఇంగ్లీషులో, "ఏమైంది మీకు? ఏమన్నా ప్రమాదమా?"

"ఏం లేదు గ్రెగ్," అంది ప్రణీత, అదీ ఇంగ్లీషులో. "తడి మంచు పడుతోంది కదా, థ్రాటిల్ చూసుకోమని చెప్తోంది. అంతా బాగానే ఉంది."

ఐదు నిమిషాల్లో గ్రెగ్ షెడ్‌లోకి వచ్చి నా భుజం తట్టాడు. అంత దూరం నుంచి శబ్దం విని జాగ్రత్త చెప్పావు, నీలాంటి మనిషి కావాలి అన్నాడు. జేబులోంచి కొత్త బండి రెండో తాళం తీసి నా చేతిలో పెట్టాడు. "వచ్చే వారం నుంచి రెండు రోజులు నువ్వు నడుపు. ప్రణి మొన్నే అడిగింది, కుసుమకి కూడా ఇవ్వాలని. తన మాటే కరెక్టు."

అంటే తాళం చేతిలో పడ్డ రోజే నాకోసం అడిగిందన్న మాట. నాతో ఒక్క ముక్క చెప్పలేదు.

నాలుగేళ్ళు కలగన్న తాళం నా అరచేతిలో ఉంది. ఎగిరి గంతెయ్యాలి కదా? నా కడుపు మంట ఇంకా పెరిగింది. అది తన సీటు తనే తెచ్చుకుంది. నేనేమో అది అడిగితే, అది అబద్ధం ఆడి నన్ను కాపాడితే, ఎక్కాలా? బండి దానికే, పేరు దానికే, చివరికి మంచితనం కూడా దానికేనా? చచ్చినా ఎక్కను అనుకున్నాను.

"గ్రెగ్, అది అబద్ధం చెప్పింది," అన్నాను. మొత్తం చెప్పేశాను, ఈసారి ఇంగ్లీషులో. తోరం సంగతి, సంతకం సంగతి, ఎందుకు పెట్టానో ఆ సంగతి. నిజాయితీ అనుకునేరు, కాదు. అదీ కుళ్ళే.

గ్రెగ్ చాలాసేపు గోడ మీద ఎర్ర అక్షరాలు చూస్తూ నిలబడ్డాడు. అవి చదవడం అతనికి రాదు, కింద ఇంగ్లీషులో రాసింది చదివాడు. తర్వాత నా చేతిలోంచి తాళం తీసుకున్నాడు. చెక్ షీటు కూడా తీసుకున్నాడు. "రిపేర్లు చెయ్యి. సీజను అయ్యేదాకా నీ సంతకం చెల్లదు. సీటు సంగతి మర్చిపో," అని వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం ప్రణీత దిగొచ్చింది. హెల్మెట్ చేత్తో పట్టుకుని షెడ్ గుమ్మంలో నిలబడింది.

"నేను సర్దేశాను కదక్కా. ఎందుకు చెప్పావు?"

"నువ్వు సర్దితే నేను బతకాలా?"

"నేను పడి ఉంటే?"

"పడాలనుకోలేదే. ఒట్టు. కాస్త భయపడాలనుకున్నాను."

"కొండ మీద నాకు భయం వెయ్యలేదు. రేడియోలో నీ మాటలు విన్నాకే వేసింది," అని వెళ్ళిపోయింది.

నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. నేను రిపేర్లు చేసి పక్కకి తప్పుకునేదాన్ని, అది వచ్చి తనే అన్నీ చూసుకుని తనే సంతకం పెట్టుకునేది. 'అక్కా' అన్న పిలుపు లేక షెడ్ బావురుమంది. దాని మీద కోపంగా ఉండటానికి కూడా నాకు ఏ కారణం దొరకలేదు.

ఐదో రోజు పొద్దున షీటు పట్టుకుని వచ్చి నా ఎదురుగా నిలబడింది. "ఒకసారి థ్రాటిల్ చూడు."

"నా సంతకం చెల్లదుగా."

"సంతకం అడిగానా? చెయ్యి పెట్టి చూడమన్నాను."

వెళ్ళాను. మీట నొక్కి వదిలాను, టక్కున వెనక్కి వచ్చింది. మూడుసార్లు చూశాను, మూడుసార్లూ వచ్చింది. బాగుందన్నాను. అప్పుడు అది జేబులోంచి ఆ తోరం తీసింది. తడిసి ఆరి, పసుపంతా పోయింది. చామంతి ఎక్కడో రాలిపోయింది. ముళ్ళు మాత్రం అలాగే ఉన్నాయి.

"ఇది నీది," అంది.

నా చేతుల నిండా గ్రీజు. ఈసారి ఆ మాట అనలేదు, చెయ్యి చాపాను. ఆ చలికి నా వేళ్ళు వంగనే వంగవు, అది మాత్రం చకచకా ముడి వేసేసింది, ఎంత పొందిగ్గా వేసిందో. అది చూసి కూడా నాకు కుళ్ళు పుట్టింది. దాచుకోలేక దాంతోనే చెప్పేశాను.

"తెలుసక్కా," అంది, నవ్వకుండా.

బండెక్కి కూర్చుని, ఎర్ర తాడు జాకెట్‌కి తగిలించుకుని, ఇంజను స్టార్ట్ చేసే ముందు నా కళ్ళెదుటే థ్రాటిల్ తను మళ్ళీ ఒకసారి నొక్కి చూసుకుంది.