గావో ఖాళీ అయిన రోజు

ఊరు ఖాళీ చేయమని దండోరా వేసేసరికి కస్సాయి సజ్జలు దంచుతోంది. ఎడారి దాటి వచ్చిన శత్రువులు తొండిబి దగ్గర అస్కియా ప్రభువు సైన్యాన్ని చెదరగొట్టారు. రాజధాని గావోలోని జనమంతా ఇస్సా నది దాటి అవతలి గట్టుకు చేరాలని ప్రభువు ఆజ్ఞ. కస్సాయి భర్త ఇద్రిసా ఆ సైన్యంలోనే ఉన్నాడు. ఆమె రోకలి పడేసి, కూతుర్ని చంకనేసుకుని, అత్త హావాను చెయ్యిపట్టి రేవుకు నడిపించింది.

రేవులో కాలు పెట్టే చోటు లేదు. ఉప్పు వ్యాపారులు, మసీదు పెద్దలు, కోట దాసీలు అంతా ఒకే బురదలో తోసుకుంటున్నారు. పడవ నడిపే యాకూబా గొంతు చించుకుంటున్నాడు.

"మూటలొద్దు తల్లీ, మనుషులెక్కండి చాలు! ఆ మేకనెవరు ఎక్కించారు? అదేమన్నా ప్రభువుగారి చుట్టమా?"

మేకను దించే తీరిక ఎవరికీ లేదు.

హావా పడవలో ఒక కాలు పెట్టి ఆగిపోయింది. "నా కొడుకు సంగతి తెలిసేదాకా రెండో కాలు పెట్టను. పోయి కనుక్కురావే."

"పడవ వెళ్లిపోతుంది అత్తా!"

"పోతే పోనీ."

బిడ్డను అత్త చేతికిచ్చి కస్సాయి వీధిలోకి పరిగెత్తింది. తిరిగొస్తున్న సైనికుల్లో కనబడిన ప్రతివాణ్ణీ అడిగింది. చివరికి చేతికి గుడ్డ చుట్టుకున్న ఒకడు ఆగాడు.

"ఇద్రిసానా? డాళ్ల దళంలోవాడేనా?"

"అవునన్నా."

అతను ఆమె ముఖంలోకి చూడలేదు. "వాళ్లు పారిపోకూడదని మోకాళ్లకు తాళ్లు కట్టుకుని డాళ్ల మీద కూర్చున్నారు చెల్లీ. మేం పరిగెత్తాం. వాళ్లలో ఒక్కడు లేవడం కూడా నేను చూడలేదు."

కస్సాయి రేవుకు తిరిగి పరిగెత్తింది. యాకూబా అప్పటికే గెడ ఎత్తాడు. అత్త ఇంకా అలాగే నిలబడి ఉంది.

"ఏమన్నారే?"

"ఎగువ రేవులో దాటేశాడట అత్తా. ఎక్కు."

హావా ఊపిరి పీల్చుకుని బిడ్డతో ఎక్కింది, వెనకే కస్సాయి. నది నడుమ గాలి లేచింది. నీళ్లు పడవలోకి కొట్టాయి. ముందు పోతున్న పడవ పక్కకు ఒరిగి, అరుపులతో సహా మునిగిపోయింది. కస్సాయి సొరబుర్రతో నీళ్లు తోడుతూనే ఉంది. తల ఎత్తితే అత్త ముఖం చూడాల్సి వస్తుందని ఆమె భయం.

అవతలి గట్టున హావా రోజూ ఎగువ రేవుకు నడిచిపోయేది, చీకటి పడేముందు తిరిగొచ్చేది. "ఇవాళా రాలేదే," అనేది. అన్నం ముందు కూర్చున్న ప్రతిసారీ కస్సాయి తన ముద్దను కూతురి నోట్లో పెట్టేసేది. పాదాలు వాచిపోయినా ఒక పొద్దున ముసలామె మళ్లీ బయల్దేరబోతే, కస్సాయి ఆమె చెయ్యి పట్టుకుని ఆపి, జరిగింది చెప్పేసింది.

హావా చెయ్యి విడిపించుకుంది. "ఆ రోజే చెప్పుంటే నేను పడవెక్కేదాన్ని కాదు."

"అందుకే చెప్పలేదు అత్తా."

ముసలామె కోడలి చెంప మీద గట్టిగా ఒక దెబ్బ వేసింది. తర్వాత ఆ చెంపనే అరచేత్తో పట్టుకుని ఏడ్చింది. ఇద్దరూ కలిసి ఏడవడం అదే మొదలు.