మొదటి చీటీ

రజిత పెట్టె మూత తీసి కిటికీ వెలుగులోకి జరిపింది. వనపర్తిలో నా భార్య శాంతమ్మ దగ్గర జంతుశాస్త్రం చదివిన పిల్ల. ఇప్పుడు దీపాల చుట్టూ తిరిగే చిమ్మటల మీద పరిశోధన చేస్తోంది.

పెట్టెలో సూదికి గుచ్చిన చిమ్మట ఒక్కటే ఉంది. వడ్లగింజంత. బూడిదరంగు రెక్కలు, అడ్డంగా ఇటుకరంగు గీత, అంచున సన్నటి కుచ్చు. కుడిరెక్క మీద ఒకచోట పొడి రాలిపోయింది. అక్కడ శాంతమ్మ వేలు తగిలింది.

"ఇది కొత్త జాతేమో, ఎవరికన్నా చూపించు" అన్నది ఆమె నాకు చెప్పిన ఆఖరి పని. ఆమె పోయాక పద్నాలుగు నెలలు ఈ పెట్టె ఉన్న బీరువా తెరవలేకపోయాను.

"రెక్కలు చూస్తే తెల్వదు సార్. గిసొంటివి శానా ఉన్నయి. పొట్ట తీసి, మందునీళ్లల్ల ఉడకబెట్టి, లోపలి భాగాలు చూస్తెనే జాతి తెలుస్తది."

"కోస్తవా బిడ్డా?"

"మేడం నాతోని బొద్దింకలు కోయించింది సార్. చెయ్యి వణికితే, 'పెండ్లిచూపులకొచ్చినవా ఏంది?' అంటుండె."

అచ్చం ఆమె గొంతే. నవ్వాను. ఆ తర్వాత కండువా వెతుక్కోవాల్సి వచ్చింది.

"పొట్టను గూడ పారెయ్యం సార్. చిన్న గాజుగొట్టంల పెట్టి, గదే సూదికి గుచ్చుతం."

తీసుకుపొమ్మన్నాను.

మూడు వారాలకు వచ్చింది. ఫోన్లో చెప్పేయకుండా, ఎండలో బస్సెక్కి మా పెబ్బేరు దాకా వచ్చింది.

"కొత్తది కాదు సార్. ఎప్పుడో పేరు పెట్టిండ్రు. మన దిక్కు అంతట ఉంటది."

ప్రతి ఆదివారం సమాధి దగ్గర నిలబడి, కొత్తదేనని ఆమెకు ఎలా చెప్పాలో మాటలు కూర్చుకుంటూ ఉన్నాను. వాటినిప్పుడు ఏం చేసుకోను?

సూదికి అడుగున జాతి పేరుతో కొత్త చీటీ ఉంది. దాని పైన, గోరంత పాత చీటీ అలాగే ఉంది.

"ఇది తియ్యలేదేం?"

"తియ్యొద్దు సార్. పేరు ఎన్నిసార్లు మారినా మొదటి చీటీ తియ్యరు. పట్టినోళ్ల పేరు దాంతోనే ఉండాలె." భూతద్దం నా చేతికిచ్చింది.

పెబ్బేరు, వంటింటి గోడ, శాంతమ్మ. పక్కన తేదీ.

హైదరాబాద్ దవాఖానలో డాక్టర్లు ఆమెను ఇంక ఇంటికి తీసుకుపొమ్మన్న రోజది. ఆ సాయంత్రం నేను మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాను. వంటింట్లో ఒక్కతే ఏడుస్తోందనుకున్నాను. లేచి పోవడానికి ధైర్యం చాలలేదు.

ఏడ్చిందో లేదో తెలియదు. ఆ గోడ దగ్గర మాత్రం, ఊపిరి బిగబట్టి, ఈ చిమ్మటను చూస్తూ నిలబడింది.