మాత్రలేగా!

"మాత్రలేగా నువ్వు మింగేది" అంది మా అత్తయ్య త్రయాంకా, తన ఎంగిలి కంచం నా కంచం మీద పెట్టి రెండూ నావైపు జరుపుతూ. కోపంగా ఏమీ అనలేదు. ఆవిడ లెక్కలో రోగమంటే పక్కవీధి వెర్కాకు వచ్చిందే. నరంలోకి మందెక్కిస్తే జుట్టంతా ఊడిపోయింది, వాంతులతో మంచం దిగలేకపోయింది. నేనేమో పేగు క్యాన్సర్‌కు ఆపరేషనై ఇంటికొచ్చి, రొట్టె తిని, నీళ్ళతో మాత్రలు మింగి, నిండు జడతో ష్టిప్ పట్నంలోని చొక్కాల ఫ్యాక్టరీకి వెళ్ళొస్తున్నదాన్ని. నన్ను రోగిష్టిదని ఎవరు నమ్ముతారు? కంచాలు తీసుకుని లేచాను.

అవి ఎలాంటి మాత్రలో ఆసుపత్రిలో సిస్టర్ వెస్నా నన్ను కూర్చోబెట్టి చెప్పింది. తిన్న అరగంటలోపే వేసుకోవాలి, విరగ్గొట్టకూడదు, నమలకూడదు, ఇంట్లో ఇంకెవరూ వట్టి చేతులతో ముట్టుకోకూడదు. జ్వరమొచ్చినా, విరేచనాలు పట్టుకున్నా వెంటనే ఫోన్ చెయ్యాలి. చివరికి నా రెండు చేతులూ తిరగేసి చూసి, వేడినీళ్ళలో పెట్టొద్దు, గట్టిగా రుద్దొద్దు, దేన్నీ పట్టి పిండొద్దు అంది. అరచేతులు ఎర్రబడి నొప్పి పుట్టినా, తోలు ఊడినా, ఆ పూట మాత్ర ఆపి ముందు తనకు చెప్పాలట. నా భర్త మెతోది పక్కనే కూర్చుని అన్నిటికీ బుద్ధిగా తలూపాడు. తిరుగు బస్సులో మాత్రం, "వేడినీళ్ళు వద్దంటే అంట్లెలా తోముతావే?" అని అడిగాడు. నా గురించే దిగులు పడుతున్నాడనుకున్నాను. ఇంటికొచ్చాక తెలిసింది, దిగులు అంట్ల గురించేనని.

రెండో విడత మాత్రలకే చేతులు ఎర్రబడ్డాయి. ఎవరికీ చెప్పలేదు. చెబితే మాత్రలు ఆపేస్తారు. ఆపితే లోపల ఏ మూలనో మిగిలిపోయిన నలుసు మళ్ళీ పెరుగుతుంది. రోజంతా ఇదే నా మనసులో. సూదిలో దారం ఎక్కిస్తున్నా ఇదే, బస్సు కోసం నిలబడినా ఇదే. తోలు ఊడుతోందంటే మందు గట్టిగా పనిచేస్తోందనే కదా, ఈ మాత్రం ఓర్చుకోలేనా అనుకునేదాన్ని. ఓర్చుకోవడం నాకు కొత్తా? పుట్టింట్లో ఓర్పుగల పిల్లన్నారు, ఇక్కడికొచ్చాక ఓర్పుగల కోడలన్నారు. ఇన్నేళ్ళ చాకిరీకి నాకు దక్కిన బిరుదు అదొక్కటే. దాన్ని పోగొట్టుకోవడం కూడా ఇష్టం లేదేమో. పడుకునే ముందు చేతులకు క్రీము రాసుకుని నూలు తొడుగులు వేసుకుంటే, "ఏ దొరగారింటికి విందుకెళ్తున్నావ్?" అని నవ్వి మెతోది అటు తిరిగి పడుకునేవాడు.

ఒకరోజు ఫ్యాక్టరీ గేటు దగ్గర హాజరు యంత్రం నా వేలిని గుర్తుపట్టలేదు. తుడిచి పెట్టాను, ఇంకో వేలు పెట్టాను. వెనక వరుసలో ఆడవాళ్ళు గొణుగుతున్నారు. "వంటింటి జిడ్డు కడుక్కుని రా, పావ్లీనా" అన్నాడు సూపర్‌వైజరు అందరూ వినేలా. కడిగితే వచ్చేది కాదది. వేలిగీతలు అరిగిపోయి నున్నగా ఉన్నాయి. చేతులు కోటు జేబుల్లో దాచుకున్నాను.

ఆ వారమే ఇంట్లో ఐవార్ పెట్టారు. చలికాలమంతా రొట్టెలోకి ఆ పచ్చడే. పెరట్లో రేకు పొయ్యి మీద మెతోది కారంలేని ఎర్రటి లావు మిరపకాయలు కాలుస్తున్నాడు. పక్కన గ్లాసులో సారా. కంచె అవతలివాళ్ళు చూసి, ఎంత పనిమంతుడో అంటున్నారు. కాలినవాటిని మూతపెట్టి మగ్గనిచ్చి, వేడి మీదుండగానే తొక్క ఒలవాలి. అది నా పని. చేతులు మండుతున్నాయి అత్తయ్యా అన్నాను. పొయ్యి దగ్గర కూర్చుంటే ఎవరికైనా మండుతాయంది. రబ్బరు తొడుగులిచ్చింది. వాటి లోపల చేతులు చెమటకు నాని ఇంకా భగ్గుమన్నాయి. తీసేసి ఒలిచాను. పళ్ళు బిగపట్టి బేసిన్ నిండేదాకా ఒలిచాను.

అత్తయ్య వంగి బేసిన్‌లోకి చూసింది. "అదిగో, తొక్క ఉండిపోయింది. తియ్యి."

తీశాను. మిరప తొక్క నల్లగా మాడి ఉంటుంది. ఇది తెల్లగా, పల్చగా ఉంది. నా బొటనవేలి కింది తోలు.

లేచి, బేసిన్ ఎత్తి బూడిద గుంటలో కుమ్మరించాను.

"పిచ్చి పట్టిందా నీకు?" అన్నాడు మెతోది. రెండు అరచేతులూ వాళ్ళ ముందు తెరిచాను. అత్తయ్య శిలువ గుర్తు వేసుకుని పీట మీద కూలబడింది. నా వేలు ఫోన్ మీద కూడా పనిచెయ్యలేదు. మెతోదే నంబరు నొక్కి నా చెవి దగ్గర పెట్టాడు.

సిస్టర్ వెస్నా తిట్టలేదు. ఈ రాత్రి నుంచి మాత్రలు వద్దంది, సోమవారం వస్తే డాక్టరు చూస్తారంది, మానేసినవాటిని తర్వాత కలిపి వేసుకోవద్దంది. అప్పుడు నోరు పెగిలింది నాకు. "ఆపితే అది తిరిగొస్తుందేమో సిస్టర్" అన్నాను. ఆ మాట పైకి అనడం అదే మొదలు.

"చాలామందికి మధ్యలో ఆపుతాం. చేతులు మానాక కాస్త తగ్గించి మళ్ళీ ఇస్తాం, అదీ వైద్యంలో భాగమే. నువ్వు ఓర్చుకున్నంత మాత్రాన మందు ఎక్కువ పనిచెయ్యదమ్మా. చెబితేనే మేం సరిగ్గా ఇవ్వగలం."

ఫోన్ పెట్టేశాక చల్లటి నీళ్ళ గిన్నెలో చేతులు ఉంచి కూర్చున్నాను. భయం పోలేదు. సోమవారం డాక్టరు ఏమంటాడో. పొయ్యి ఇంకా మండుతోంది, బస్తాలో సగం కాయలు అలాగే ఉన్నాయి. మెతోది వాటినీ నన్నూ మార్చి మార్చి చూసి, తల్లి పక్కన పీట వేసుకుని కూర్చున్నాడు. కాలిన కాయ పట్టుకుని, వేళ్ళు కాలి వదిలేశాడు.

"ఎన్నాళ్ళు ఆపుతారట?" అంది అత్తయ్య.

"చేతులు మానేదాకా."

"తర్వాత?"

"తర్వాత మాత్రలు మళ్ళీ మొదలవుతాయి అత్తయ్యా" అన్నాను. "ఒలవడం మొదలవదు."